బయటి చెయ్యి

మంగళవారం మధ్యాహ్నం కోచ్ రీవ్స్ పాత ఫైరింజను గొట్టం ఒకటి భుజాన వేసుకుని మైదానంలోకి వచ్చాడు. దాన్ని గడ్డి మీద విదిలించి, కాలితో సర్ది, నెలవంకలా పరిచాడు. నోట్లో నానుతున్న పొద్దుతిరుగుడు గింజల తొక్కు పక్కకి ఊసి, "ఆర్లిస్, ఇలా రారా," అని పిలిచాడు.

ఆర్లిస్ టిల్మన్ పైన్‌హోమ్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో ఎడమ అంచు కాసేవాడు. నాలుగో ఏడు, అదే ఆఖరి ఏడు. జట్టు పేరు కొంగలు. కొంగ పేరు పెట్టుకుని ఎవరి మీద పడి కరుస్తారర్రా అని మా దక్షిణ జార్జియాలో అందరూ ఎగతాళి చేసేవాళ్ళే గానీ, ఆ ఏడు కొంగలు బాగానే పొడిచాయి. ఇక మిగిలింది ఒక్క ఆట. శనివారం, సొంత మైదానంలో, బ్రాంటన్ స్టేట్ కాలేజీ మీద.

బ్రాంటన్ అంటే ప్రెంటిస్ గేల్స్. వాడు వాళ్ళ క్వార్టర్‌బ్యాక్. ప్రతిసారీ బంతి అందుకుని విసిరేది వాడే. మిగతా పదిమందీ వాడి పెళ్ళికొచ్చిన చుట్టాల్లాంటి వాళ్ళు. ఉన్నచోట నిలబడి బంతి విసరమంటే ప్రెంటిస్ మామూలు కుర్రాడే. కానీ ఎదుటివాళ్ళు మీదికి వస్తుంటే తన కుడి పక్కకి జారి, అంచు దాటి, పరిగెత్తుతూ విసిరాడంటే ఆ బంతి ఎవడి చేతిలో పడాలో వాడి చేతిలోనే పడుతుంది. ఆ కుడి పక్కన ఎదురుగా నిలబడాల్సింది ఆర్లిస్.

"ఇదిగో, ఈ గొట్టం నీ గట్టు," అన్నాడు రీవ్స్. "ఆట మొదలవగానే దీని వెంబడే రావాలి. లోపల లంకెబిందెలు కనపడ్డా సరే, దాటకూడదు. అడ్డొచ్చినవాణ్ణి లోపలి భుజంతో కాచుకో. బయటి చెయ్యి, ఈ ఎడమ చెయ్యి, ఎవడికీ ఇవ్వొద్దు. ఇచ్చావా, ప్రెంటిస్ నీ పక్కనించే పోయి టాటా చెప్తాడు."

"నేను గట్టు కాస్తుంటే వాణ్ణి పడగొట్టేదెవరు కోచ్?"

"టకర్. నువ్వు తలుపు మూస్తావు. వాడు వెనక్కి తిరుగుతాడు. తిరిగినచోట టకర్ ఉంటాడు."

టకర్ హోల్కోంబ్ కుడి అంచువాడు. మూడో ఏడు. వాళ్ళ నాన్నకి హైవే మీద ట్రాక్టర్ల దుకాణం. మనిషి మంచివాడు. అదే వచ్చిన చిక్కు, కనీసం తిట్టుకోవడానికైనా పనికిరాడు.

వారమంతా ప్రెంటిస్ వేషం వేసింది మిలో. జట్టులో వాడు మూడో క్వార్టర్‌బ్యాక్, అసలు ఆటలో అడుగుపెట్టే అదృష్టం లేనివాడు. ఏ జట్టు మీద ఆడబోతే ఆ జట్టువాడిలా ఆడి చూపించడమే వాడి పని. ఎర్ర చొక్కా మీద ప్రెంటిస్ అంకె వేసుకుని, ప్రెంటిస్‌లా వేళ్ళు తడిచేసుకుని, ప్రెంటిస్‌లా నడుముకి కట్టిన తువ్వాలుకి అరచెయ్యి తుడుచుకునేవాడు.

"ఒరే మిలో, నడక కూడా దించేశావురా," అన్నాడు నడిమధ్యలో ఆడే లావుపాటి ఓటిస్. "వాడి పిల్ల చూసిందంటే నిన్నే ఎత్తుకుపోతుంది."

మొదటిసారి ఆర్లిస్‌కి మిలో వీపు కనపడింది. వీపు కనపడితే లోపలికి దూకడం నాలుగేళ్ళుగా ఒంటికి పట్టిన అలవాటు. దూకాడు. మిలో చటుక్కున తిరిగి, గొట్టం మీదుగా అవతలికి జారి, చెయ్యి ఊపుకుంటూ పోయాడు. రీవ్స్ ఈల వేశాడు.

"గొట్టం!"

మళ్ళీ, మళ్ళీ. ఎదురు నిలిచినవాడి ఛాతీకి కుడి భుజం ఆనించి, ఎడమ చేతిని గాలిలో వదిలేసి, చిన్న చిన్న అడుగులతో పక్కకి జరగాలి. మనిషిని చూడకూడదు, మనిషి నడుము చూడాలి. కళ్ళు మోసం చేస్తాయి, భుజాలు మోసం చేస్తాయి, నడుము చెయ్యలేదు. సాయంత్రానికి ఆర్లిస్ కుడి భుజం కమిలి, ముట్టుకుంటే భగ్గుమంది. కానీ మిలో ఆ పక్కకి పోవడం మానేశాడు. పోబోయి, ఆర్లిస్‌ని చూసి, వెనక్కి తిరిగి, టకర్ చేతిలో పడుతున్నాడు.

అందరూ వెళ్ళాక ఆర్లిస్ గొట్టం చుట్టడానికి ఉండిపోయాడు. "కోచ్, శనివారం వేగులు వస్తున్నారటగా."

వేగులంటే పెద్ద లీగు జట్లకి ఆటగాళ్ళని ఏరిపెట్టే మనుషులు. పైన్‌హోమ్ రేకుల గ్యాలరీ మొహం వాళ్ళు ఏనాడూ చూడలేదు. ఇప్పుడొస్తున్నది కూడా ప్రెంటిస్ కోసమే. ఎవరి కోసమైతేనేం, కళ్ళంటూ ఉంటాయి కదా అని ఆర్లిస్ ఆశ.

"వస్తున్నారు. అయితే?"

"వాళ్ళు చూసేది ఎవడు ఎన్నిసార్లు పడగొట్టాడనే కదా కోచ్. నేను రోజంతా గుమ్మం దగ్గర జవానులా నిలబడితే ఎవరికి కనపడతాను? నాకు ఇదొక్క ఆటే మిగిలింది."

రీవ్స్ దగ్గరికొచ్చి వాడి మెడ మీద చెయ్యి వేశాడు. "నేను చెప్తాను వాళ్ళకి. కూర్చోబెట్టి, తెర మీద వేసి, నా నోటితో చెప్తాను. ఈ ప్లానంతా ఈ కుర్రాడి మీద నిలబడిందయ్యా అని చెప్తాను. చాలా?"

"మాటేనా కోచ్?"

"మాటే రా. ఎప్పుడైనా తప్పానా?"

తప్పలేదు, ఎందుకంటే అంతకు ముందు ఇచ్చిందీ లేదు. అది ఆర్లిస్‌కి తట్టలేదు. గొట్టం భుజానికెత్తుకుని, తేలికపడ్డ మనసుతో సామాన్ల గదికి నడిచాడు.

*

గురువారం సాయంత్రం వాళ్ళమ్మ వెర్నా ఫోన్ చేసింది. ఆవిడ కోళ్ళ ఫ్యాక్టరీలో ఈకలు పీకే యంత్రం దగ్గర పనిచేస్తుంది. శనివారం తన పని ఇంకొకావిడకి ఒప్పగించి, చర్చి వ్యాన్‌లో పాస్టరుగారితో సహా వస్తున్నానని చెప్పింది.

"ఆవు మెడలో గంట కూడా తెస్తున్నా. నువ్వు పడగొట్టినప్పుడల్లా వాయిస్తా."

"గంటెందుకే అమ్మా, పరువు పోతుంది."

"పోతే పోనీలే, నాకేం కొత్తా? ఇంతకీ ఎన్ని ఈకలు తెస్తావు చెప్పు."

ఈక అంటే హెల్మెట్ మీద అంటించే తెల్ల స్టిక్కరు. ఎదుటి క్వార్టర్‌బ్యాక్‌ని బంతితో సహా పడగొడితే ఒక కొంగ ఈక. ఆదివారం అందరి ముందూ కోచ్ ఇస్తాడు. ఆర్లిస్ ఆకుపచ్చ హెల్మెట్‌కి ఒక పక్క నిండిపోయింది, రెండో పక్క సగం ఖాళీగా ఉంది.

చెబుదామని నోటిదాకా వచ్చింది. కానీ ప్లాను బయట ఎవరికీ చెప్పకూడదని రీవ్స్ ఒట్టు వేయించుకున్నాడు. వెర్నాకి చెప్పడమంటే ఫ్యాక్టరీ మొత్తానికి మైకు పెట్టడమే.

"చూద్దాంలే అమ్మా."

"చూద్దామేంట్రా! అందరికీ చెప్పుకున్నాను. రోజుకి ఎన్ని వేల కోళ్ళ ఈకలు చూస్తానో తెలుసా? నాకు పనికొచ్చే ఈకలు నీ నెత్తి మీదవే." గొంతు తగ్గించింది. "మా సూపర్వైజరు అడిగాడు, జనవరిలో ఒకడి పని ఖాళీ అవుతుంది, మీవాడికి కావాలా అని. నేను మొహం మీదే నవ్వాను. మావాడు టీవీలో కనపడతాడు నాయనా, నీ దగ్గరికెందుకొస్తాడు అన్నాను."

"అలా అనకపోవాల్సింది."

"ఏం, అనకూడదా? తప్పా?"

"తప్పని కాదు."

ఫోన్ పెట్టేశాక పక్క మంచం మీద ఓటిస్ ఒక కన్ను తెరిచాడు. "చెప్పావా?"

"లేదు."

"మంచి పని చేశావు. మా అమ్మకైతే నేను అసలు ఆడుతున్నట్టే చెప్పలేదు, వంటవాణ్ణనుకుంటోంది," అని అటు తిరిగి పడుకున్నాడు.

*

శనివారం ఎండ కాస్తోంది గానీ గాలి చల్లగా ఉంది. గ్యాలరీ పై వరసలో టోపీలు పెట్టుకుని ముగ్గురు మనుషులు విడిగా కూర్చున్నారు. జనంలో కలవకుండా, అరవకుండా, చప్పట్లు కొట్టకుండా కూర్చున్నవాళ్ళు వేగులే అయ్యుంటారు. వాళ్ళకి కాస్త దిగువన చర్చి వ్యాను బృందం, మధ్యలో పసుపు కోటులో వెర్నా.

ప్రెంటిస్ నిజంగా మిలో చూపించినట్టే ఉన్నాడు. వేళ్ళు తడిచేసుకున్నాడు, తువ్వాలుకి చెయ్యి తుడుచుకున్నాడు, బంతి అందుకుని రెండడుగులు వెనక్కి వేసి, కుడి పక్కకి జారాడు. అక్కడ ఆర్లిస్ ఉన్నాడు. కుడి భుజానికి బ్రాంటన్ వాడొకడు ఏనుగులా ఆనుకుని ఉన్నాడు, ఎడమ చెయ్యి మాత్రం గాలిలో ఖాళీగా ఉంది. ప్రెంటిస్ ఆ చేతిని చూశాడు. ఆగి, వెనక్కి తిరిగాడు. టకర్ వచ్చి వాణ్ణి నేలకేసి కొట్టాడు.

గ్యాలరీ లేచి నిలబడింది. "టకర్! టకర్!"

రెండోసారీ అంతే. లేస్తూ టకర్ నవ్వాడు. "ఒరే ఆర్లిస్, వాడు తిన్నగా నా ఒళ్ళోకే వస్తున్నాడురా! ఏంటో ఇవాళ!"

ఏంటో టకర్‌కి నిజంగానే తెలియదు. పరిగెత్తేవాడికి ముందున్న మనిషే కనపడతాడు, అటు తోలినవాడు కనపడడు. ఆర్లిస్‌కి కోపం రాలేదు. తిరిగి తన చోటికి నడిచాడు.

సగం ఆటదాకా ప్రెంటిస్ సరదాగానే ఉన్నాడు. "ఏయ్ తొంభై ఒకటీ, నిలబడీ నిలబడీ కాళ్ళు లాగట్లేదా? కుర్చీ తెప్పించమంటావా?" అని ఆర్లిస్ చొక్కా మీది అంకెతో పిలిచి కవ్వించాడు. ఇంకోసారి, "నా వెనక పడవేం, నేను నచ్చలేదా?" అన్నాడు. ఆట నాలుగు భాగాల్లో మూడోది అయ్యేసరికి హాస్యం అయిపోయింది. పళ్ళ బిగువున "జరగరా," అన్నాడంతే. ఆ రోజు ఆర్లిస్‌కి దక్కిన మెప్పు అదొక్కటే.

వెర్నా గంట మాత్రం మోగలేదు. ఒడిలో పెట్టుకుని, నాలుక మోగకుండా చేత్తో పట్టుకుని కూర్చుంది. అంత దూరం నుంచి కూడా అది ఆర్లిస్‌కి కనపడింది.

ఆట చివర్లో కొంగలు నాలుగు పాయింట్లు పైన ఉన్నాయి. బంతి బ్రాంటన్ చేతిలో ఉంది, చివరి గీతకి దగ్గరగా వచ్చేశారు, అది దాటితే ఆట వాళ్ళదే. ప్రెంటిస్ బంతి అందుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. అప్పుడు ఆర్లిస్ మీద ఆనుకున్నవాడి కాలు గడ్డి మీద జారింది. మోకాళ్ళ మీద పడ్డాడు. దారి తెరుచుకుంది. ఎదురుగా, రెండంగల దూరంలో, ప్రెంటిస్ వీపు.

నాలుగేళ్ళ అలవాటు ఒళ్ళంతా ఒక్కసారి లేచింది. పైన టోపీలవాళ్ళున్నారు. పసుపు కోటు లేచి నిలబడింది. రెండంగలు వేసి భుజం ఆనిస్తే చాలు, గంట మోగుతుంది, ఈక వస్తుంది, జనవరి పని ఇంకెవడికో పోతుంది. ఆర్లిస్ లోపలి కాలు లేచింది కూడా. గడ్డి మీద గొట్టం లేదు. అయినా ఉన్నట్టే కనపడింది. లేచిన కాలిని ఎక్కడినుంచి లేచిందో అక్కడే దించాడు.

దించాడో లేదో ప్రెంటిస్ గిర్రున కుడికి తిరిగాడు. ఆ వీపు ఎర. వస్తాడనుకున్నవాడు రాలేదు. ఖాళీగా ఉండాల్సిన అంచు మీద తొంభై ఒకటి ఎడమ చెయ్యి చాచుకుని నిలబడి ఉంది. ఏం చెయ్యాలో తోచక ప్రెంటిస్ బంతిని ఎటో విసిరాడు. అది జన్మలో బంతి పట్టని ఓటిస్ పొట్టకి తగిలింది. ఓటిస్ దాన్ని పసిబిడ్డలా కావలించుకుని బోర్లా పడుకున్నాడు. ఎవరెంత లాగినా లేవలేదు. బంతి కొంగలదైంది, ఆట అయిపోయింది.

పదిహేడు, పదమూడు. కొంగలు గెలిచాయి. ఆ రోజంతా ప్రెంటిస్ ఒక్కసారి కూడా అంచు దాటలేదు. టకర్‌ని భుజాల మీదికెత్తుకున్నారు.

కంచె దగ్గర వెర్నా కొడుకు చెంప మీది మట్టి తుడిచింది. చర్చివాళ్ళు కాస్త దూరంగా నిలబడి, ఎటు చూడాలో తెలియక వ్యాను వైపు చూస్తున్నారు.

"ఒంట్లో బాలేదా నాన్నా?"

"బాగానే ఉందమ్మా."

"మరి వాళ్ళు నిన్ను ఆడనివ్వలేదేం?"

"ఆడానమ్మా. ప్లానే అది. నేను అక్కడ నిలబడకపోతే వాడు..."

"ప్లానా," అంది వెర్నా. అర్థం కాలేదు. కాలేదని వాడికి తెలియనివ్వకూడదని, వాడి కమిలిన భుజాన్నే గట్టిగా తట్టింది. "నిలబడ్డావులే. నేను చూశాగా. చాలా బాగా నిలబడ్డావు."

గంట చప్పుడు కాకుండా మఫ్లరులో చుట్టుకుని వ్యానెక్కింది.

*

ఆదివారం పొద్దున తెర గదిలో రీవ్స్ హుషారుగా ఉన్నాడు. ఎర్ర చుక్క లైటుతో ఆట ముందుకీ వెనక్కీ తిప్పుతూ, టకర్ పడగొట్టిన ప్రతిసారీ మూడేసిసార్లు చూపించాడు. ఎర్ర చుక్క టకర్ మీదే తిరిగింది. తెర అంచున, ఒక్కోసారి సగం మనిషిగా, ఒక్కోసారి ఉత్త ఎడమ చెయ్యిగా ఆర్లిస్ కనపడి మాయమయ్యాడు.

టకర్‌కి నాలుగు ఈకలు. బంతి మీద పడుకున్నందుకు ఓటిస్‌కి ఒకటి.

"ఇక మన తొంభై ఒకటి," అన్నాడు రీవ్స్. "చెప్పిన మాట విన్నాడు. మాట వినేవాళ్ళకి ఈకలుండవురా, స్వర్గం ఉంటుంది."

అందరూ నవ్వారు. ఆర్లిస్ కూడా నవ్వాడు, కాస్త వెనకగా. ఓటిస్ ఒక్కడే నవ్వలేదు. తన ఈక వెనక కాగితం గోటితో గీకుతూ కూర్చున్నాడు.

బయట వరండాలో కాఫీ యంత్రం దగ్గర టోపీ మనిషి ఒకాయన చిల్లర వెతుక్కుంటున్నాడు. పెద్దాయన, పేరు గ్రేడీ. ఆర్లిస్‌ని ఎగాదిగా చూసి, "తొంభై ఒకటివి నువ్వే కదూ?" అని పలకరించాడు.

ఆర్లిస్ దగ్గరికి జరిగాడు. "అవునండీ. కోచ్ మీతో మాట్లాడారా?"

"ఆ, మాట్లాడాడు. నిన్ననే అడిగాం, ఆ తొంభై ఒకటి ఒక్కసారైనా లోపలికి దూకడేం, అంత దారి దొరికినప్పుడు కూడా ఆగిపోయాడేం అని." గ్రేడీ కాఫీ ఊదుకున్నాడు. ఆయన గొంతులో జాలి ఉంది, అదే ఎక్కువ గుచ్చుకుంది. "చెప్పాడులే. ఆ కుర్రాడి స్వభావమే అంత, దూకే మనిషి కాదు, ఆ లోటు బయటపడకుండా వాణ్ణి ఓ పక్క నిలబెట్టి ప్లాను అల్లుకున్నాను అని. తెలివైనవాడయ్యా మీ కోచ్."

ఆర్లిస్ తల అడ్డంగా ఊపాడు. "దూకొద్దని ఆయనే చెప్పాడండీ. మంగళవారం. గొట్టం పరిచి మరీ చెప్పాడు."

"అందరూ అదే అంటారు బాబూ," అన్నాడు గ్రేడీ, నొప్పించకుండా. "ముప్పై ఏళ్ళుగా వింటున్నాను. ఏం బెంగపెట్టుకోకు. ఆటొక్కటేనా, లోకంలో బోలెడు పనులున్నాయి." వాడి భుజం తట్టబోయి, చేతిలో కాఫీ ఉండడంతో తల ఊపి వెళ్ళిపోయాడు.

మాట తప్పితే సరిపెట్టుకునేవాడేమో. మనుషులు మర్చిపోతారు. కానీ రీవ్స్ తను చెయ్యమన్న పనినే తీసుకెళ్ళి వీడి పిరికితనం కింద అమ్ముకుంటాడని ఆర్లిస్ కలలో కూడా అనుకోలేదు. వరండాలో గోడకి ఆనుకుని చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత ఫోన్ తీసి వాళ్ళమ్మకి చేశాడు. "ఆ సూపర్వైజరుతో మాట్లాడమ్మా, జనవరి పని గురించి," అన్నాడు. అవతల వెర్నా "సరే నాన్నా," అంది.

*

మధ్యాహ్నం కబురొచ్చింది. మైదానంలోకి రమ్మన్నాడట రీవ్స్.

వెళ్ళేసరికి గొట్టం పరిచి ఉంది. మిలో మళ్ళీ ఎర్ర చొక్కాలో ఉన్నాడు. టకర్, ఓటిస్ ఉన్నారు. పక్కన టెన్నెసీ నుంచి వచ్చిన పెద్ద కాలేజీ ప్రతినిధి ఒకాయన, ఆయనతో పాటు ఆ కాలేజీకి కోట్లు గుమ్మరించే లాఫ్టన్ అనే ముసలాయన, మొసలి తోలు బూట్లతో. ప్రెంటిస్‌కి కాలేజీలో ఇంకో ఏడుంది, వచ్చే ఏడు వాళ్ళ మీద ఆడతాడు. వాణ్ణి కట్టడి చేసిన కోచ్‌కి ఉద్యోగమిచ్చి, పడగొట్టిన ఆటగాణ్ణి కూడా ఎంతైనా ఇచ్చి తీసుకుపోదామని వచ్చారు.

"తెర మీద నాకేం అర్థం కాదయ్యా," అంటున్నాడు లాఫ్టన్. "గడ్డి మీద చూపించు. గొడ్డునైనా గడ్డి మీద చూసే కొంటాను నేను."

రీవ్స్ ఆర్లిస్ పక్కకి వచ్చి గొంతు తగ్గించాడు. "ఒక్కసారి నిలబడరా. నీ గురించి వీళ్ళకి కూడా చెప్తాను." తర్వాత అటు తిరిగి, గొంతు పెంచాడు. "చాలా సులువు సార్. అంతా ప్లాన్లోనే ఉంది. గొట్టం పరిచి ఎవణ్ణి నిలబెట్టినా పనిచేస్తుంది. మనిషితో పనిలేదు."

ఆర్లిస్ జేబుల్లోంచి చేతులు తియ్యలేదు. "అయితే టకర్‌ని నిలబెట్టండి కోచ్," అన్నాడు మామూలుగా.

"ఏం?"

"ఎవడైనా ఫరవాలేదన్నారుగా."

లాఫ్టన్‌కి ఆ మాట నచ్చింది. "అవునయ్యా, ఆ నాలుగుసార్లు కొట్టినవాణ్ణే నిలబెట్టు. వాణ్ణి చూడ్డానికేగా వచ్చింది."

టకర్ సంతోషంగా వచ్చి గొట్టం దగ్గర నిలబడ్డాడు. ఓటిస్ వాడికి ఎదురు నిలిచాడు. ఈల పడింది. మిలో వేళ్ళు తడిచేసుకుని, రెండడుగులు వెనక్కి వేసి, వీపు చూపించాడు. టకర్ దూకాడు. మిలో గొట్టం మీదుగా అవతలికి పోయాడు. రెండోసారి టకర్ దూకకుండా బిగబట్టుకున్నాడు గానీ, ఓటిస్ వాడి ఎడమ చెయ్యి పట్టేశాడు. మిలో పోయాడు. మూడోసారి రీవ్స్ "నడుము చూడరా, నడుము!" అని అరిచాడు. టకర్ నడుమే చూశాడు. చూస్తూ దూకాడు.

లాఫ్టన్ బూటుతో గొట్టాన్ని కదిపి చూశాడు, అందులో ఏదైనా లోపం ఉందేమోనన్నట్టు. "మరి శనివారం ఎట్లా ఆగాడయ్యా వాడు?"

రీవ్స్ మెడ ఎర్రబడింది. నోట్లో గింజలు నమలడం ఆపేశాడు. ఆర్లిస్ వైపు చూశాడు. అడుక్కునేవాడి చూపు అది. ఆర్లిస్ చూపు తిప్పుకోలేదు.

"చెప్పండి కోచ్. చెప్తానన్నారుగా."

తొక్కులు ఊసి, రీవ్స్ నోరు విప్పాడు. "ఇతను, సార్. అంచు మీద నిలబడింది ఇతను. దూకొద్దని నేనే చెప్పాను. ప్లానంతా... ఈ కుర్రాడి మీదే నిలబడింది."

అదే మాట. మంగళవారం ఇచ్చినది, అక్షరం పోకుండా. టకర్ నోరు తెరిచి ఆర్లిస్ వైపు చూశాడు. నిన్న తన ఒళ్ళోకి వచ్చి పడినవాణ్ణి ఎవరు తోలారో ఇప్పుడు తెలిసింది పిచ్చివాడికి.

"ఓహో!" అన్నాడు లాఫ్టన్, గౌరవంగా, మొదటిసారి ఆర్లిస్‌ని తల నుంచి కాళ్ళదాకా చూస్తూ. "ఇంకెన్నేళ్ళుంది ఇతనికి కాలేజీలో?"

"లేదు సార్. నిన్నటితో అయిపోయింది."

"అయ్యో," అన్నాడు లాఫ్టన్. గడియారం చూసుకున్నాడు. "సరే, ఎటూ వచ్చాం, ఒక్కసారి చూపించమను. చూసిపోదాం."

"ఆర్లిస్," అన్నాడు రీవ్స్. "చెప్పానుగా. ఇక నిలబడు."

గ్రేడీ కారు పొద్దున్నే వెళ్ళిపోయింది. ఈ మాట వినాల్సిన చెవి ఇప్పుడు ఏ హైవే మీద ఉందో. రీవ్స్‌కి ఉద్యోగం ఎలాగూ వస్తుంది, అలాంటివాళ్ళకి వస్తాయి. ఆర్లిస్ గొట్టం వైపు చూశాడు. నెలవంక వంపు, నలిగిన గడ్డి, తను మంగళవారం తొక్కిన చోట బయటపడ్డ మట్టి. అక్కడికి వెళ్ళి నిలబడడం చాలా తేలిక. ఒంటికి బాగా తెలిసిన పని.

"నిన్న నిలబడ్డాను కదా కోచ్," అన్నాడు. "మా అమ్మ చూసింది."

తిరిగి గేటు వైపు నడిచాడు. వెనక రీవ్స్ ఏదో అన్నాడు, ఓటిస్ నవ్వాడు. తర్వాత ఈల వినపడింది. ఆ వెంటనే గడ్డి మీద మిలో అడుగులు, బయటి పక్కకి, దూరంగా, ఇంకా దూరంగా. ఎవరూ ఆపిన చప్పుడు రాలేదు.